డబ్బు పోయినా సరే, ఆ చాట్ మాత్రం చెరపొద్దు: మొదటి గంట నుంచి కోర్టు దాకా ఏం చేయాలి

అనంతపురం కోర్టు దగ్గర అర్జీలు టైపు చేసే పని నాది. పోయిన సంక్రాంతి ముందర కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక అక్క వచ్చింది. పీఎం కిసాన్ డబ్బులు పడాలంటే ఈ యాప్ ఎక్కించుకోవాలని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లోకి యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వస్తే నొక్కిందట. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఫోన్ కూడా చేయలేదు. పొద్దుగూకేసరికి శనక్కాయలు అమ్మిన డబ్బు 92 వేలు మూడు దఫాలుగా ఖాతాలోంచి పోయింది. "ఆ మెసేజీ ఒకసారి చూపించక్కా" అన్నాను. ఫోన్‌లో ఏమీ లేదు.

"అంతా తుడిపిచ్చినానప్పా. పిల్లోళ్లు చూస్తే ఇంత బుద్ధి లేకపాయనా అంటారని సిగ్గాయ."

సెల్‌ఫోన్ అంగడికి పోయి మొత్తం రీసెట్ చేయించింది. మోసగాడి నంబరు, ఆ ఫైలు, అది వచ్చిన టైము, అన్నీ దాంతోనే పోయాయి. ఇలాంటివాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా నా బల్ల ముందు కూర్చుంటారు. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూడా అందులో ఉన్నారు. డబ్బు పోవడం కంటే, పోయిన సంగతి నలుగురికీ తెలియడమే వాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. అందుకే చెరిపేస్తారు. నేను ఇది రాస్తున్నది ఆ చెరిపేయడాన్ని ఆపడానికే. ఒక ముఠా పొద్దస్తమానం ఇదే పని పెట్టుకుని చేసిన మోసం అది. అందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ముందు 1930

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకు పోయి అడుగుదాం, కొడుకు బెంగళూరు నుంచి వచ్చినాక చూద్దాం అనుకోవద్దు. ఇది కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల కేంద్రం నడిపే వ్యవస్థ. 2021లో మొదలైనప్పుడు నంబరు 155260 ఉండేది, తర్వాత 1930 అయింది. పాత కాగితాల్లో పాత నంబరు కనిపిస్తే పట్టించుకోకండి.

ఎందుకింత తొందరంటే, మీ డబ్బు నేరుగా మోసగాడి జేబులోకి పోదు. కమీషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలో మొదట పడుతుంది. అక్కడి నుంచి ఇంకో ఖాతాకు, దాన్నుంచి నాలుగైదు ఖాతాలకు చీలి, చివరికి ఎక్కడో ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. 1930లో మీ వివరాలు ఎక్కించగానే ఆ సమాచారం డబ్బు పడిన బ్యాంకుకు చేరుతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే వాళ్లు ఆపేస్తారు. దాటిపోయి ఉంటే ఏ బ్యాంకుకు పోయిందో చూసి ఫిర్యాదును అక్కడికి తోస్తారు. డబ్బు వెనకాలే ఫిర్యాదు పరుగెత్తాలి. నోట్లుగా బయటికొచ్చేస్తే ఇక ఆపడానికి ఏమీ మిగలదు.

ఫోన్ చేసే ముందు ఇవి ఒక కాగితం మీద రాసుకోండి: మీ ఖాతా నంబరు, బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఏ తేదీ ఎన్ని గంటలకు, ప్రతి లావాదేవీకీ యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు నంబరు. యూపీఐలో అయితే ఇది 12 అంకెలు ఉంటుంది, యాప్‌లో ఆ లావాదేవీని తెరిస్తే కనపడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది. మూడు దఫాలుగా పోయుంటే మూడు నంబర్లూ చెప్పాలి. ఒకటి చెప్పి ఊరుకుంటే ఆ ఒక్కదాన్నే వెతుకుతారు.

ఇదే ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైటులో కూడా నేరుగా ఇవ్వచ్చు. 1930కి చేసినా సరే, సైటులో మిగతా వివరాలు, ఫొటోలు పెట్టి ఆ రోజే పూర్తి చేయండి. మీకొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరును ఫోన్‌లోనే కాకుండా పుస్తకంలో కూడా రాసుకోండి. ఇక మీదట బ్యాంకు, పోలీసు, కోర్టు అందరూ అడిగేది దాన్నే. జిల్లా ఎంచుకునే చోట జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 నుంచి ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, నంద్యాల వేరే జిల్లా అయింది. అలవాటు కొద్దీ పాత జిల్లా పేరు పెడితే ఫిర్యాదు పోవాల్సిన చోటికి పోకుండా తిరుగుతుంది.

ఏపీకే ఎక్కించుకోవడం వల్ల డబ్బు పోయి ఉంటే మాత్రం 1930కి కాల్ మీ ఇంటివాళ్ల ఫోన్ నుంచి చేయండి. ఆ యాప్ మీ మెసేజీలు చదివి ఓటీపీలను అవతలికి పంపుతూనే ఉంటుంది. మీ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపించండి. బ్యాంకు నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ కస్టమర్ కేర్ నంబర్లు కాచుకుని ఉంటాయి. పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో ఉన్న నంబరుకే చేయండి.

అదే రోజు బ్యాంకుకు రాతపూర్వకంగా

ఫోన్‌లో చెప్పాం కదా అని వదిలేయకండి. తెల్ల కాగితం మీద రాసి, జిరాక్స్ మీద బ్యాంకు సీలు, తేదీ, టైము వేయించుకోండి. సీలు వేయబోమని వాళ్లంటే బ్యాంకు మెయిల్‌కు పంపండి, దాంట్లో టైము దానంతటదే ఉంటుంది.

ఆ టైముకు విలువ ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న బ్యాంకులకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, మీదీ కాక, మధ్యలో ఎవరో చొరబడి తీసుకుంటే, బ్యాంకు నుంచి మెసేజీ వచ్చిన మూడు పనిదినాల్లోపు మీరు చెబితే మీకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు మీ నెత్తిన పడుతుంది, జీరో బ్యాలెన్స్ తరహా ఖాతాకైతే 5,000. ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే మీ నిర్లక్ష్యం కింద లెక్క, కానీ అప్పుడు కూడా మీరు బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే బాధ్యత. కస్టమరుదే తప్పని రుజువు చేయాల్సింది బ్యాంకే అని కూడా ఆ సర్క్యులర్‌లో రాసుంది. కౌంటర్‌లో ఎవరైనా "నీదే తప్పు, పో" అంటే ఈ మాట గట్టిగా అడగండి. ఆ అక్క ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఆ తేడాను ఆమె అర్జీలో మొదటి పేరాలోనే రాశాను.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకు 14448.

ఇక ఆధారం

నిదానంగా, ఓపిగ్గా చేయాల్సింది ఈ పనే. దీన్నే ఎవరూ సరిగా చేయరు.

మొదట, ఏదీ తీసేయకండి. యాప్ తీసేయొద్దు, రీసెట్ చేయొద్దు, వాట్సాప్ మళ్లీ ఎక్కించొద్దు. పోలీసులు చూసి, కావాల్సింది తీసుకున్నాక రీసెట్ చేసుకోవచ్చు. ఆ నంబరును బ్లాక్ చేయడంలో తప్పులేదు కానీ, రిపోర్ట్ నొక్కేటప్పుడు చాట్ కూడా డిలీట్ చేయాలా అని అడిగే చోట టిక్కు ఉంటే తీసేయండి. డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టి ఉంటే కొన్నింటికి 24 గంటలే ఆయుష్షు, కాబట్టి వెంటనే ఫొటోలు తీయండి.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పేరు కనిపిస్తే చాలదు, నంబరు కనపడాలి. మోసగాడు తన ఫొటో బదులు పోలీసు అధికారి బొమ్మ పెట్టుకుని ఉంటాడు, మీరు దాన్ని "సీబీఐ సార్" అని సేవ్ చేసుకుని ఉంటారు. పేరు మీద నొక్కి, నంబరు కనిపించే పేజీని విడిగా తీయండి. మెసేజీల్లో తేదీ, టైము కనపడేలా తీయండి. ఒక ఫొటో చివరి వరుస, తర్వాతి ఫొటో మొదటి వరుస ఒకటే అయ్యేలా తీస్తే మధ్యలో ఏదో దాచారన్న మాట రాదు. లింకు పంపి ఉంటే దాన్ని తెరవకుండా, వేలితో నొక్కి పట్టి కాపీ చేసి ఎక్కడైనా అతికించి పెట్టుకోండి. ఫొటోలో లింకు సగమే కనిపిస్తుంది.

తర్వాత, వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, మోర్‌లోకి పోయి, ఎక్స్‌పోర్ట్ చాట్ తీసుకోండి. మీడియాతో సహా అని ఎంచుకోండి. మామూలు ఫోన్ అయితే మీ మెయిల్‌కే పంపుకోవచ్చు. ఏపీకే ఎక్కిన ఫోన్‌ను మళ్లీ నెట్‌కు కలపొద్దు, ఇంకో ఫోన్‌తో దాని తెరను ఫొటోలు తీయండి, లేదా కేబుల్‌తో కంప్యూటర్‌కు ఎక్కించండి.

ఇక్కడ ఒక చిన్న శాస్త్రం తెలుసుకోవాలి. నేను ఇది నా దగ్గరికి వచ్చేవాళ్లకు కంప్యూటర్‌లో చేసి చూపిస్తాను. కోర్టుకు పంపే మూటకు లక్క ముద్ర వేస్తారు కదా, దారిలో ఎవరూ విప్పలేదని తెలియడానికి. ఫైలుకు ఆ ముద్రలాంటిదే హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో ఫైలు మొత్తాన్ని పిండితే 64 అక్షరాలు, అంకెల వరుస ఒకటి వస్తుంది. ఫైలు ఎంత పెద్దదైనా 64 మాత్రమే. హలో అన్న మాటను ఇంగ్లీషులో అన్నీ చిన్న అక్షరాలతో రాసి లెక్కిస్తే ఆ వరుస 2సీఎఫ్24 అని మొదలవుతుంది. మొదటి అక్షరం ఒక్కదాన్ని పెద్దది చేస్తే 185ఎఫ్8 అని మొదలవుతుంది, మిగతా వరుస కూడా ఎక్కడా పోలిక లేకుండా మారిపోతుంది. ఒక్క అక్షరానికే అంత తేడా. అందుకే ఈరోజు మీరిచ్చిన ఫైలూ, రెండేళ్ల తర్వాత కోర్టులో తెరిచిన ఫైలూ ఒకటేనని ఆ 64 అక్షరాలు సరిచూసి చెప్పచ్చు.

దీనితో రోజువారీ పని ఏమిటంటే, స్క్రీన్‌షాట్లను వాట్సాప్‌లో మామూలు ఫొటోల్లా పోలీసులకు పంపి, మీ దగ్గరున్నవి తీసేయకండి. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. కంటికి అదే బొమ్మ, కానీ ఫైలు వేరు, హ్యాష్ వేరు. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు ఫైలు మారదు. అన్నిటికన్నా మంచిది, ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వడం, ఇంకోటి ఇంట్లో పెట్టుకోవడం. హ్యాష్ తీయడానికి కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. విండోస్ కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆజ్ఞ ఉంది, దానికి హ్యాష్‌ఫైల్ అని చెప్పి, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 కొడితే వరుస వచ్చేస్తుంది. మీకు చేతకాకపోతే కంప్యూటర్ చదివే పిల్లల్ని అడగండి, రెండు నిమిషాల పని. వచ్చిన వరుసను ప్రింటు తీసి, తేదీ వేసి సంతకం పెట్టండి.

ఇదంతా చట్టం అడిగేదే. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో తీసిన నకలును కోర్టులో పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ జత చేయాలి. ఎ భాగం ఆధారం ఇచ్చేవాళ్లు నింపాలి, బి భాగం నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హ్యాష్ రాసే గడి ఉంది. పాత చట్టంలో ఇది 65బి సెక్షన్. ఆ సర్టిఫికెట్ లేక ఎన్నికల కేసులే వీగిపోయే స్థితి వచ్చింది, 2014లోనూ, 2020లోనూ సుప్రీంకోర్టు దాని మీద పెద్ద తీర్పులిచ్చింది. అసలు ఫోన్‌నే దాని యజమాని సాక్షిగా వచ్చి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020 తీర్పు చెప్పింది. ఫోన్‌ను రీసెట్ చేయొద్దని, పాతదైతే మార్పిడికి అమ్మేయొద్దని నేను అంతగా చెప్పేది ఇందుకే. ఫిర్యాదు ఇచ్చే రోజే సర్టిఫికెట్ తెమ్మని ఎవరూ అనరు, కానీ ఫైళ్లు ఆ రోజు సరిగా పెట్టుకోకపోతే తర్వాత నిపుణుడు కూడా ఏమీ నింపలేడు.

స్టేషన్‌లో

అర్జీ తెలుగులోనే ఇవ్వండి. కథలా కాకుండా తేదీల వారీగా రాయండి. నేను రాసే తీరు ఇది:

"అయ్యా, ఫలానా తేదీ ఉదయం 10.40కి ఈ నంబరు నుంచి నా వాట్సాప్‌కు ఒక ఫైలు వచ్చినది. అది ప్రభుత్వ పథకానికి చెందినదని నమ్మి తెరిచితిని. నేను ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరికీ చెప్పలేదు. అదే రోజు సాయంత్రం 4.12, 4.15, 4.21కి నా ఖాతా నుంచి ఈ మొత్తములు, ఈ యూటీఆర్ నంబర్లతో పోయినవి. 5.05కి 1930కి ఫోన్ చేసితిని. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇది. దీనితో పెన్‌డ్రైవ్, స్టేట్‌మెంట్ జతపరచినాను."

ఇంతే. మీ కష్టాలు, అప్పులు, పెళ్లి ఖర్చులు రాయాలని అనిపిస్తుంది. అవి నాకు చెప్పండి, వింటాను. అర్జీలో మాత్రం దర్యాప్తుకు పనికొచ్చేదే ఉండాలి.

"ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపితే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ గుర్తు చేయండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కానీ మూడు రోజుల్లోపు పోయి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయినా తీసుకోకపోతే అదే అర్జీని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు, అప్పుడు ఆ పోస్టు రసీదు అవసరపడుతుంది.

ఎఫ్ఐఆర్ వచ్చాక సెక్షన్లు చూసుకోండి. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సి (గుర్తింపు దొంగతనం), 66డి (వేరేవాళ్లలా నటించి మోసం), పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318(4) (మోసం) ఉంటాయి మామూలుగా. ఐటీ చట్టం సెక్షన్లు ఉన్న కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలని ఆ చట్టం 78వ సెక్షన్ చెబుతుంది. పల్లె స్టేషన్‌లో ఎస్సై గారికి అర్జీ ఇచ్చినా, "సీఐ గారిని ఎప్పుడు కలవాలి సార్" అని అడిగి పెట్టుకోండి.

మీ ఖాతాయే ఆగిపోతే

ఇది ఈ మధ్య వ్యాపారులకు ఎక్కువైంది. ప్రొద్దుటూరులో బట్టలమ్మే మనిషికి ఎవరో స్కాన్ చేసి చీరల డబ్బు పంపారు. అది ఎక్కడో కొట్టేసిన డబ్బు. నెల తర్వాత ఖాతా మొత్తం ఆగింది. గాబరాపడి ఖాతా మార్చేయకండి. ఏ ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషన్, ఎంత మొత్తం అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఆ రోజు బిల్లు, స్టాకు పుస్తకం పేజీ జత చేసి ఆ స్టేషన్‌కు మెయిల్ పంపండి. ఫిర్యాదులో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని కోరండి, కేరళ హైకోర్టు 2023లో ఇదే ధోరణిలో ఆదేశం ఇచ్చింది.

ఆగిన డబ్బు చేతికి రావాలంటే

1930 వల్ల ఆగిన డబ్బు తనంతట తాను వెనక్కి రాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. సైటులో ఫిర్యాదు స్థితి చూస్తే ఏ బ్యాంకులో ఎంత ఆగిందో తెలుస్తుంది, లేదా దర్యాప్తు అధికారిని అడగండి. కోర్టు ఆర్డరు కావాలని ఆయన చెబితే, ఆ వివరంతో నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మీ ప్రాంత మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ, స్టేట్‌మెంట్, ఆధార్, ఆగిన మొత్తం మీద పోలీసు నివేదిక కావాలి. లాయరు ఫీజుకు ఇబ్బందిగా ఉంటే ప్రతి జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయరునిస్తారు.

ఈలోగా ఎవరో ఫోన్ చేస్తారు. "మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ కింద మూడు వేలు కట్టండి" అంటారు. మీ పేరు, పోయిన మొత్తం కూడా కరెక్టుగా చెబుతారు, ఎందుకంటే కొట్టేసినవాళ్లే ఆ జాబితా అమ్ముకుంటారు. పోలీసు గానీ కోర్టు గానీ ఫోన్‌లో డబ్బు కట్టమని అడగదు. వీడియో కాల్‌లో అరెస్టు చేశామనేది కూడా ఏ చట్టంలోనూ లేదు. ఆ నంబరును కూడా ఫొటో తీసి పాత ఫిర్యాదుకే జత చేయించండి.

కళ్యాణదుర్గం అక్కకు స్టేట్‌మెంట్‌లోని మూడు యూటీఆర్‌లతోనే మరుసటి రోజు 1930కి చేయించాం. 92 వేలలో 31 వేలు ఒక ఖాతాలో దొరికాయి, మిగతాది అప్పటికే దాటిపోయింది. కోర్టు ఆర్డరు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆర్డరు వచ్చిన రోజు సర్టిఫైడ్ కాపీలు మూడు తీయించాను. ఒకటి డబ్బు ఆపిన బ్యాంకుకు, ఒకటి దర్యాప్తు అధికారికి, ఒకటి ఆమె దగ్గర. మీరూ మూడు తీయించండి. బ్యాంకుకు ఇచ్చేటప్పుడు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ విడిగా రాసి, క్యాన్సిల్ చేసిన చెక్కు జత చేసి, సీలు వేయించుకోండి. ఆ అక్క చెక్కు పుస్తకం లేదంటే పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ పెట్టాం, తీసుకున్నారు.